నాలుగో కౌంటరు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను సమన్వయాధికారిని. జీతం అదే, కుర్చీ అదే, తలుపు మీద పలక మాత్రం మారింది. కేంద్ర ప్రభుత్వమూ మా మున్సిపాలిటీయూ చేతులు కలిపి ‘ఒకే గుమ్మం’ అని ఒక ఆన్‌లైన్ ఏర్పాటు తెస్తున్నాయి. కుళాయి కనెక్షను మొదలుకొని ఇంటికొచ్చే నర్సు దాకా జనం ఇకమీదట అన్నీ అందులోనే అడగాలి. ఆ రెండు ప్రభుత్వాల మధ్య మాట పట్టింపులు రాకుండా చూడటం నా పని.

మొదటి సమావేశం పొద్దున మొదలై భోజనాల దాకా సాగింది. తెర మీద కేంద్రం చిహ్నం ముందుండాలా, మా చిహ్నం ముందుండాలా అన్నదే చర్చంతా. కేంద్రం తరఫున వచ్చినాయన ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు. నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను.

“సైజు రెండూ ఒకటే ఉంచుదాం సార్. కాకపోతే మాది కాస్త పైన” అన్నాడు.

“పైనేంటి, కిందేంటండీ! మనం మనం ఒకటే. మాది ఎడమ పక్కన ఉంటే చాలు” అన్నాడు మా కమిషనరు.

పైనా ఎడమా కుదిరేసరికి బిస్కెట్ల పళ్లెం ఖాళీ అయింది. నాలుగో కౌంటరు మూసేసిన సంగతి మాత్రం కుర్చీల్లోంచి లేస్తూ ఒక్క ముక్కలో తేల్చేశారు. మంచం పట్టినవాళ్లకు ఇంటికి నర్సును పంపమని అడిగే కౌంటరు అది. ఇన్నేళ్లుగా నా అజమాయిషీలోనే నడిచింది. మొన్న ఒకటో తారీఖునే షట్టరు దించేశారు.

మంచిదే. హాల్లో రద్దీ తగ్గుతుంది. అక్కడ కూర్చునే గుమాస్తాకు నడుము నొప్పి, ఆయనకూ కాస్త విశ్రాంతి.

మార్చి 5, బుధవారం

హాల్లో ‘ఒకే గుమ్మం’ కొత్త యంత్రం పెట్టారు. మనిషెత్తు తెర, పైన కెమెరా. అడగడానికి వచ్చింది నిజంగా మనిషేనా, లేక ఫొటో పెట్టి మోసం చేస్తున్నారా అని అది ముందుగా తేల్చుకుంటుంది. కళ్లు రెండూ మూసి తెరవమంటుంది. తల తిప్పమంటుంది. ఆఖర్న నవ్వమంటుంది.

ఒకావిడ దాని ముందు చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. ముఖంలో కుడి సగం జారిపోయి ఉంది. ఆ కన్ను మూతపడదు. పెదవి ఆ వైపు కదలదు.

“దయచేసి చిరునవ్వు నవ్వండి” అంది యంత్రం.

“నవ్వుతూనే ఉన్నానుగా! దీనికి చత్వారమా ఏం?” అందావిడ.

“దయచేసి చిరునవ్వు నవ్వండి.”

వెనక వరుసలో ఒకడు, “పెళ్లి ఫొటోకి నవ్వినట్టు నవ్వు పిన్నీ” అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నవ్వులు మాత్రం యంత్రానికి బాగా నచ్చేవి. వెళ్లి ఆవిణ్ణి పక్కకు తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

“పక్షవాతమా పిన్నిగారూ?”

“మొహానికి ఒక్కదానికే తల్లీ. కాలూ చెయ్యీ మాటా వదిలేసింది, అదే పదివేలు.”

ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిందట. మాట ఇప్పటికీ గంట కొట్టినట్టుంటుంది. ఇంట్లో అక్కగారు తుంటి విరిగి మంచంలో ఉంది. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు, ఒకరికొకరు. పడుకుని పడుకుని అక్కగారికి నడుం కింద పుండు పడింది. నర్సు రోజు మార్చి రోజు వచ్చి కట్టు కట్టేది. ఒకటో తారీఖు నుంచి రావడం లేదు. పాతవాళ్లు కూడా ‘ఒకే గుమ్మం’లో మళ్లీ నమోదు కావాలి మరి.

“మా అక్క పేరు మీ దగ్గర ముందే ఉందిగా. దాన్నే అందులోకి ఎక్కించొచ్చుగా?” అని అడిగింది.

“పాత పేర్లన్నీ పంపామండీ. కేంద్రం వాళ్లు తమ పద్ధతిలో లేవని తిప్పి పంపారు.”

“మరి మీరు వాళ్ల పద్ధతిలో పెట్టలేదా?”

“వాళ్ల పద్ధతేమిటో వాళ్లింకా చెప్పలేదు.”

ఆవిడ నా వంక చూసింది. ఒక కన్ను ఆర్పింది, రెండోది నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను చూస్తానని మాటిచ్చాను.

మార్చి 6, గురువారం

నవ్వులాయనకు ఫోను చేశాను. “ముఖం గుర్తింపు మాదే మేడమ్. మినహాయింపు ఇచ్చే అధికారం మాత్రం పూర్తిగా మీది. స్థానిక సంస్థల్ని మేం గౌరవిస్తాం” అన్నాడు.

మా కంప్యూటరు విభాగానికి వెళ్లాను. “మినహాయింపు మీట మాకు కనిపిస్తుందండీ. నొక్కితే పనిచేయదు. పైవాళ్లు తెరవాలి” అన్నారు.

మళ్లీ నవ్వులాయన. “అలాగా! చాలా మంచి విషయం చెప్పారు మేడమ్. రాసుకున్నాను.”

ఫోన్లో కూడా నవ్వు వినిపిస్తుంది ఆ మనిషిది.

మార్చి 7, శుక్రవారం

రాసుకున్నది ఏమైందో అడగాలి. ఇవాళ తీరిక దొరకలేదు. సోమవారం అడుగుతాను.

మార్చి 9, ఆదివారం

కూరగాయలకని బయల్దేరి వాళ్లింటికి వెళ్లాను. అటు వెళ్లే పని లేదు నాకు. ఎందుకెళ్లానో తెలియదు.

రెండు గదుల ఇల్లు. అద్దంలా ఉంది. గుమ్మం దగ్గరే వాసన తగిలింది. అంత శుభ్రమైన ఇంట్లో ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో అర్థమయ్యేసరికి కొంగు ముక్కు దాకా తెచ్చి, మళ్లీ దించేశాను. చెల్లెలు మామూలుగానే మాట్లాడుతోంది. ఆవిడకు అలవాటైపోయి ఉంటుంది. లేదా నా కోసం తెలియనట్టు ఉందేమో.

అక్కగారు పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. “ఆఫీసు అమ్మాయివా? రా, కూర్చో. నేనైతే లేచి మర్యాద చెయ్యలేను, ఏమీ అనుకోకు” అంది.

చెల్లెలు కట్టు విప్పింది. పుండు అంచులు నల్లబడ్డాయి. చెల్లెలి చేతులకు పని తెలియదు, భయంతో మెల్లగా తుడుస్తోంది. అక్కగారు దుప్పటి కొస నోట్లో కుక్కుకుంది. అంతా అయ్యాక తీసి, “ఇది ఎక్స్ఛేంజీలో బాగా తీగలు కలిపేది. నా నడుం మాత్రం దానికి అందట్లేదు” అంది.

“ఆ నర్సమ్మ చెయ్యి పడితే నొప్పే తెలిసేది కాదు” అంది చెల్లెలు, తనలో తను అనుకున్నట్టు. నాకు కాఫీ ఇచ్చింది. తాగలేకపోయాను. తాగకపోతే ఏమనుకుంటారోనని కళ్లు మూసుకుని తాగేశాను.

ఇంటికొచ్చి స్నానం చేశాను. అసహ్యం పుండు మీద కాదు. అది స్పష్టంగా రాసుకోవాలి. పుండు మీద కాదు.

మార్చి 11, మంగళవారం

శుక్రవారం ప్రారంభోత్సవం. మంత్రిగారు వస్తారు. ఇవాళ సభామందిరంలో రిహార్సల్. మంత్రిగారి ఎదుట ఒక సామాన్య పౌరురాలు యంత్రం ముందు నిలబడి నర్సును అడగాలి. సామాన్య పౌరురాలు ఎవరంటే కమిషనరుగారి మేనకోడలు. పక్కన నిలబడి యంత్రాన్ని మొదలుపెట్టే మీట నొక్కాల్సింది నేను.

మేనకోడలు ఎన్నిసార్లు నిలబడినా యంత్రం వెంటనే పచ్చగా వెలిగింది. ఒక్కసారి కూడా తడబడలేదు. అంటే యంత్రం బాగానే పనిచేస్తోంది. ఎక్స్ఛేంజీ పిన్నిగారి లాంటి వాళ్ల కోసం కాస్త సర్దాలి, అంతే. సర్దాలంటే పెద్దవాళ్లు కళ్లారా చూడాలి. ఫోన్లో చెబితే ‘రాసుకున్నాను’ అంటారు. మంత్రిగారి ముందు ఆగిపోతే మర్నాటికల్లా బాగుచేస్తారు.

సాయంత్రం పిన్నిగారింటికి వెళ్లి, శుక్రవారం రాగలరా అని అడిగాను. యంత్రం మిమ్మల్ని మళ్లీ కాదంటుంది, ఈసారి మంత్రి చూస్తాడు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“అంటే నేను నలుగురిలో మళ్లీ నవ్వలేకపోవాలి. అంతేనా?” అంది.

అవునన్నట్టు తల ఊపాను.

“వస్తాలే. అక్క కోసం గుంజీళ్లు తియ్యమన్నా తీస్తాను” అంది.

మార్చి 13, గురువారం

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సుకు ‘ఒకే గుమ్మం’ బ్యానర్ల పని వచ్చింది. పొంగిపోతున్నారు. రెండు చిహ్నాలూ ఒకే సైజులో ఉన్నాయో లేదో కేంద్రం నుంచి ఒకరు, మా ఆఫీసు నుంచి ఒకరు స్కేలు పట్టుకొచ్చి కొలిచి వెళ్లారట. ఆయన నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 14, శుక్రవారం

ఉపన్యాసాలు రాయను. రాస్తే కలం జిడ్డవుతుంది. కేంద్రమూ స్థానిక ప్రభుత్వమూ ఒకే బండికి రెండు చక్రాలన్న మాట ప్రతివాళ్లూ తమకే తట్టినట్టు చెప్పారు.

నా వంతు వచ్చింది. మేనకోడలు ముస్తాబై మెట్ల దగ్గర నిలబడి ఉంది. నేను మైకు తీసుకుని, “వేదిక మీదికి రండి పిన్నిగారూ” అని రెండో వరుస వైపు చెయ్యి చాపాను. కమిషనరు నా వైపు చూసిన చూపుకు నీళ్లు కాగేవి. అప్పటికే మంత్రిగారు, “రండమ్మా, రండి రండి” అనేశారు.

పిన్నిగారు మెల్లగా మెట్లెక్కి యంత్రం ముందు నిలబడింది. నేను మీట నొక్కాను.

“కళ్లు మూసి తెరవండి.” ఆవిడ ఎడమ కన్ను సగం మూసిందో లేదో, తెర పచ్చగా వెలిగింది. “తల తిప్పండి.” ఆవిడ కదల్లేదు. పచ్చ. “దయచేసి చిరునవ్వు” అని మాట పూర్తయ్యేలోపే మళ్లీ పచ్చ. “గుర్తింపు పూర్తయింది. రేపు నర్సు మీ ఇంటికి వస్తారు.”

మా వెనక ఉన్న పెద్ద తెర మీద గుర్తించిన ముఖం వచ్చింది. కమిషనరుగారి మేనకోడలు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ.

అది యంత్రం కాదు. ముందే తీసిపెట్టిన వీడియో. రిహార్సల్ నాడు కూడా అదే ఆడింది. దాని ముందు కుర్చీని నిలబెట్టినా నవ్వింది అనేదే.

నేను జనం వైపు చూశాను. ఎవరో ఒకరు లేచి అడుగుతారని. తెర మీద ఇరవయ్యేళ్ల పిల్ల, దాని కింద అరవై దాటిన మనిషి. హాలంతా చప్పట్లు. మొదటి వరుసలో కూర్చున్న డాక్టర్లు, పంతుళ్లు, వకీళ్లు, అందరూ చప్పట్లే.

“ఆ అమ్మాయెవరు?” అంది పిన్నిగారు గట్టిగా. అప్పటికే బ్యాండు మొదలైంది. మంత్రిగారు ఆవిడ చెయ్యి పట్టుకుని కెమెరాల వైపు తిప్పారు.

నవ్వులాయన నా చెవి దగ్గరికొచ్చాడు. “భలే ఆలోచన మేడమ్! మామూలు అమ్మాయి కంటే ఈవిడే ఎంతో సహజంగా ఉంది. ఈ సంగతి నాకు తట్టనే లేదు.”

వాడి ఊపిరి ఇంకా చెవికి అంటుకునే ఉంది.

మార్చి 15, శనివారం

ఏమీ తినబుద్ధి కాలేదు.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే పిన్నిగారు వచ్చింది. హాల్లో కూర్చోలేదు, నేరుగా నా గదిలోకి వచ్చింది.

“రేపన్నది మీ యంత్రం. రేపూ వెళ్లింది, ఎల్లుండీ వెళ్లింది. అక్కకి జ్వరం.”

“పిన్నిగారూ, ఆ రోజు జరిగింది...”

“నాటకమని నాకు తెలీదనుకున్నావా? నా మొహం నాకు తెలీదా? మంత్రి ముందు ఆడారు కదా, పరువు కోసమైనా నర్సుని పంపిస్తారనుకున్నా. అంత సిగ్గు కూడా లేదా తల్లీ మీకు?”

‘మీకు’ అంది. నన్ను కలిపే అంది.

కమిషనరు గదికి పరిగెత్తాను. విషయం చెప్పాను. ఆయన కంప్యూటరులో ఏదో చూసి, తెర నా వైపు తిప్పి, “ఇచ్చేశాం కదమ్మా. శుక్రవారం మంత్రిగారి చేతుల మీదుగా ఇచ్చినట్టు ఉందిగా. మళ్లీ ఇస్తే ఒకే మనిషికి రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది” అన్నాడు.

“ఇవ్వలేదు సార్. ఆవిడ అక్కకు జ్వరం వచ్చింది.”

“ఇవ్వలేదని రాయాలంటే శుక్రవారం జరిగింది అబద్ధమని రాయాలి. నువ్వు రాస్తావా? నువ్వేగా మీట నొక్కింది?”

బయటికి వచ్చాను. మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. నాలుగో కౌంటరు మూశారు గానీ నర్సును పంపే అధికారం నాకు లేదని ఎవరూ ఎక్కడా అనలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చిహ్నాల మీద ఉన్న ధ్యాస దాని మీద ఎవరికుంది! సొరుగులోంచి తాళంచెవి తీసుకుని వెళ్లి షట్టరు ఎత్తాను. రెండు వారాలకే తుప్పు పట్టినట్టు కీచుమంది. హాలంతా తిరిగి చూసింది. కూర్చుని, కాగితం మీద అక్కగారి పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, అదే పట్టుకుని పక్కనే ఉన్న మున్సిపల్ డిస్పెన్సరీకి వెళ్లాను.

నర్సమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “ట్యాబ్‌లో పేరు రాకుండా అడుగు తీసి బయటపెట్టొద్దన్నారు మేడమ్.”

“తెలుసు.”

“సంతకం మీదేనా?”

“నాదే.”

“రేపెవరైనా అడిగితే?”

“నన్ను అడగమను.”

సంచీ భుజాన వేసుకుంది. “ఈ మాట అనే మనిషి కోసమే చూస్తున్నా. రోజూ ఆ ఇంటి ముందునుంచే వెళ్తూ తల దించుకుంటున్నాను” అంది.

మార్చి 18, మంగళవారం

నర్సమ్మ నిన్న పుండు చూసి వెంటనే డాక్టరును పిలిపించింది. కుళ్లిన కండ తీసేశారు. అక్కగారు బతికింది. ఇకమీదట వెల్లకిలా పడుకోలేదు, కుదురుగా కూర్చోలేదు. ఆ ఒకటో తారీఖు నుంచీ కట్టు సరిగ్గా పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడట డాక్టరు.

నాకు ఏ క్షణాన కబురొస్తుందో అని చూస్తున్నాను. సస్పెన్షను అయితే అయింది.

మార్చి 20, గురువారం

కబురు రాలేదు. కౌంటరు ముందు మాత్రం వరుస పెరిగింది. మెడ పట్టేసి తల తిప్పలేని తాపీమేస్త్రీ, తల నిలవని పిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి, కళ్లు కనపడని సంగీతం మాస్టారు. ఇన్నాళ్లుగా వీళ్లంతా ఎక్కడున్నారు? యంత్రం ముందు ఒకసారి నిలబడి, ఎవరితోనూ అనకుండా ఇంటికి వెళ్లిపోయినట్టున్నారు.

నడుము నొప్పి గుమాస్తా తనే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. “పై అంతస్తులో ఫోన్లు ఎత్తలేక చస్తున్నానండీ. నడుమైతే నడుమే” అన్నాడు.

మార్చి 26, బుధవారం

సమీక్షా సమావేశం. ఇవాళ తేలిపోతుందనుకుని వెళ్లాను.

కమిషనరు గొంతు సవరించుకుని నవ్వులాయనతో, “మా నాలుగో కౌంటరును మళ్లీ తెరవడానికి మీరు ఒప్పుకోవడం చాలా పెద్దమనసు” అన్నాడు.

నవ్వులాయన ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం నవ్వు లేదు. మళ్లీ వచ్చేసింది. “అబ్బే, చొరవ మీది సార్. మేం వెనక నిలబడ్డాం, అంతే.”

ఆయన ఒప్పుకున్నాడని ఈయనా, ఈయన తెరిపించాడని ఆయనా అనుకుంటున్నారు. తమకు తెలియకుండా జరిగిందని ఒప్పుకుంటే పరువు తక్కువ. ఒకరికొకరు ధన్యవాదాలు చెప్పుకున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా పని సమన్వయం.

తర్వాత నవ్వులాయన తెర మీద అంకెలు చూపించాడు. నాలుగో కౌంటరులో నేను చేత్తో రాసిన వాళ్లందరూ అందులో ఉన్నారు, ‘ఒకే గుమ్మం ద్వారా సేవ పొందినవారు’గా. అక్కాచెల్లెళ్లది మొట్టమొదటి కుటుంబం. దేశమంతా పోస్టర్లు వేస్తారట.

సాయంత్రం ప్రెస్సుకు వెళ్లాను. అచ్చు తడి ఆరని పోస్టర్ల కట్టలు. వేదిక మీద నిలబడ్డ పిన్నిగారు. కంప్యూటరులో కుడి పెదవిని కాస్త పైకి లేపారు. కింద ‘ఒక్క చిరునవ్వు చాలు, సేవ మీ ఇంటికే’.

“ఇవి ఎందుకు వేశారండీ?” అని అరిచాను. పనివాళ్లు మిషను ఆపేశారు.

“పని వస్తే వెయ్యనా?”

“ఇది అబద్ధం. మీకు తెలుసు, నేను చెప్పాను.”

“తెలుసు. నేను అచ్చు వేశాను. నువ్వు మీట నొక్కావు. ఎవరి వాటా వాళ్లది” అన్నారు మా ఆయన. కోపంగా కూడా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నారు.

రోత. ఆయన మీద కాదు. ఆయన మీద కూడా.

మార్చి 28, శుక్రవారం

నాకు ప్రశంసాపత్రం ఇస్తారట. పుచ్చుకోనన్నాను. కమిషనరు వినయం అనుకున్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

పోస్టర్లు ఊరంతా పడ్డాయి. మా హాల్లో సరిగ్గా నాలుగో కౌంటరు పక్క గోడకు నిలువెత్తుది అంటించారు.

పిన్నిగారు అక్కకు మందుల చీటీ కోసం వచ్చింది. మంచం పట్టినవాళ్లకు కొట్టులో మందులిమ్మని రాసే చీటీ కూడా ఈ కౌంటరుదే. గోడ దగ్గర ఆగిపోయింది. తన ముఖం వంక తను చాలాసేపు చూసుకుంది. నేను కుర్చీలోంచి లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

“నా మొహాన్ని గుర్తుపట్టలేమన్నవాళ్లే ఊరంతా అంటించారే!” అంది.

“క్షమించండి పిన్నిగారూ.”

“మూతి కూడా సరిచేశారు. ఎవరమ్మా ఆ డాక్టరు? ముందే చూపించుకునేదాన్ని.” ఎడమ సగం నవ్వింది. నవ్వి ఆపేసింది. “అక్క చూస్తే ఏడుస్తుంది. అబద్ధం పైన నా మొహం ఉండటానికి వీల్లేదు. తీయించెయ్.”

“పోస్టరు కేంద్రానిది. గోడ మున్సిపాలిటీది. తియ్యాలంటే ఎవరిని అడగాలో నాకే తెలియదు.”

“అంటే అడగడానికి ఎవరూ లేరన్నమాట.”

“లేరు.”

“అయితే వద్దనడానికి కూడా ఎవరూ లేరుగా” అంది. గోరు పెట్టి ఒక మూల లేపింది. అందినంత మేర చించింది. పై సగం ఆవిడకు అందలేదు.

వరుసలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. పై అంతస్తు రెయిలింగు దగ్గర కమిషనరు నిలబడి ఉన్నాడు. చూశాడు. నేనూ ఆయన్ని చూశాను. కుర్చీ లాక్కుని ఎక్కాను. రెండు చిహ్నాలున్న పై అంచు పట్టుకుని కిందికి లాగాను. గోడ సున్నంతో సహా ఊడి వచ్చింది.

పిన్నిగారు చీర మీద పడ్డ సున్నం దులుపుకుంది. “ముందు నా చీటీ రాయి తల్లీ. మందుల కొట్టు మూసేస్తాడు” అంది.

రాసిచ్చాను. ఆవిడ వెళ్లాక రెయిలింగు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

“తర్వాత ఎవరండీ?” అన్నాను.